మూర్ఛను చూసేది పక్కనున్నవాళ్లే

మూర్ఛ వచ్చిన మనిషి తన మూర్ఛను ఎన్నడూ చూసి ఉండడు. కళ్లు తేలేయడం, పళ్లు గిట్టకరుచుకోవడం, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నోటి వెంట నురగ, ఇవేవీ అతనికి తెలియవు. తెలివి వచ్చేసరికి ఒళ్లంతా నొప్పులు, కరుచుకున్న నాలుక, చుట్టూ కంగారుపడుతున్న మొహాలు. "ఏమైందబ్బా నాకు?" అని అడుగుతాడు. దానికి జవాబు చెప్పగలిగింది ఆ కాసేపూ పక్కనున్న మనిషే. పెళ్లయిన ఇంట్లో ఆ మనిషి ఎక్కువసార్లు భార్య, లేదంటే భర్త.

తిరుపతి స్విమ్స్‌కు పోయినా, రుయా ఆసుపత్రికి పోయినా, చిత్తూరు దాటి వేలూరు సీఎంసీకి పోయినా న్యూరాలజీ డాక్టరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "వచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు?" స్కానింగు, ఈఈజీ అన్నీ దాని తర్వాతే. మూర్ఛ రోగాన్ని నిర్ధారించడంలో చూసినవాళ్లు చెప్పే మాటకున్న విలువ ఇంకే పరీక్షకూ లేదు. ఈఈజీ తీసే సమయానికి మెదడు మామూలుగా ఉంటే కాగితం మీద గీతలూ మామూలుగానే వస్తాయి. మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి మొదటిసారి తీసిన ఈఈజీలో ఏ తేడా కనబడదు. అంతమాత్రాన జబ్బు లేదని కాదు. భర్తకు ఫిట్స్ వస్తున్నాయని తీసుకొచ్చిన భార్య "నాకేం తెలుసు సార్, భయంతో కళ్లు మూసుకున్నాను" అంటే, ఆ రోజు డాక్టరు చేతిలో సగం సమాచారమే ఉన్నట్టు.

మరి ఏం చూడాలి? ఎలా మొదలైంది? తల ముందుగా ఏ వైపు తిరిగింది? మొదట బిగిసింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా, రెండూ ఒకేసారా? పిలిస్తే పలికాడా? ఎంతసేపు కొట్టుకున్నాడు? ఆగిన తర్వాత మాట తేటగా రావడానికి ఎంత సమయం పట్టింది? ఒక పక్క చెయ్యీ కాలూ కాసేపు పట్టు తప్పాయా? వీటిలో ఏదీ చిన్న విషయం కాదు. తల, కళ్లు బలవంతంగా ఎడమకు తిరిగిపోయాయంటే గొడవ మెదడు కుడివైపున మొదలై ఉండొచ్చని డాక్టరుకు తడుతుంది. మందు ఎంపిక కూడా చాలావరకు ఈ వివరాల మీదే ఆధారపడుతుంది. కొన్ని రకాల మూర్ఛలకు బాగా పనిచేసే మాత్ర మరికొన్నిటిని పెంచుతుంది.

ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడమేనని చాలామంది అనుకుంటారు. అలా కనబడనివీ ఉన్నాయి. పొద్దున పొయ్యి దగ్గర దోసె వేస్తున్న ఇల్లాలు అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, చూపు ఎక్కడో ఉంటుంది. పెదాలు చప్పరిస్తుంది. నోట్లో ఏమీ లేకున్నా నములుతున్నట్టు దవడ ఆడుతుంది. ఎడమచేతి వేళ్లు కొంగు అంచును నలుపుతూనే ఉంటాయి. పిలిస్తే పలకదు. దోసె మాడి పొగ లేస్తున్నా కదలదు. ఒకటి రెండు నిమిషాల తర్వాత చుట్టూ చూసి "ఏంది మాడింది?" అంటుంది. ఇదీ మూర్ఛే. మెదడులో ఒక భాగంలో మొదలై అక్కడక్కడే తిరిగే రకం. దీన్ని ఇంట్లోవాళ్లు పరధ్యానమనో, పొగరనో, గాలి సోకిందనో అనుకుంటూ ఏళ్లు గడిపేస్తారు. రావడానికి ముందు కడుపులోంచి ఏదో పైకి లేచినట్టు, లేని వాసన వచ్చినట్టు, ఇదంతా ఇంతకుముందే జరిగినట్టు ఆమెకు అనిపిస్తూ ఉండొచ్చు. అడిగితేనే చెబుతుంది. అడగాల్సింది భర్తే.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఫిట్స్ వచ్చినప్పుడు ముందు మనిషికి దెబ్బ తగలకుండా చూసి, ఇంకొకరుంటే వీడియో తీయమంటే మేలు. ఫోన్లలో తీసిన వీడియోలు నిపుణులకు రోగ నిర్ధారణలో బాగా ఉపకరిస్తున్నాయని 2020లో 'జామా న్యూరాలజీ' పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మొహం, రెండు చేతులు, రెండు కాళ్లు కనబడేలా తీయాలి. తీస్తున్నవాళ్లు పేరు పెట్టి పిలుస్తూ ఉంటే పలుకుతున్నారో లేదో కూడా రికార్డవుతుంది. అయితే అలా తీయడానికి ఆ మనిషి ముందే ఒప్పుకుని ఉండాలి. ఆ వీడియో డాక్టరుకు చూపించడానికే గానీ బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి కాదు. తెలివిలేని స్థితిలో ఉన్న మనిషి పరువు ఆ క్షణంలో జీవిత భాగస్వామి చేతిలోనే ఉంటుంది.

ఇక ఫిట్స్ వచ్చిన ఆ రెండు మూడు నిమిషాల్లో చేయాల్సింది. మొదట గడియారం చూడాలి. భయంలో ఒక నిమిషం పది నిమిషాల్లా తోస్తుంది. "అరగంట కొట్టుకున్నాడు సార్" అని చెప్పిన చాలా సందర్భాల్లో నిజంగా గడిచింది రెండు నిమిషాలే అయి ఉంటుంది. రాయి, మంచం కోడు, పొయ్యి, నీళ్ల తొట్టి వంటివి దగ్గర లేకుండా చూడాలి. జరపగలిగితే వస్తువును జరపాలి, లేకుంటే మనిషిని. తల కింద మడిచిన టవలో చీరో పెట్టాలి. మెడ దగ్గర గుండీ విప్పాలి, కళ్లద్దాలు తీసేయాలి. కొట్టుకోవడం నెమ్మదించగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అప్పుడు నోట్లో చేరిన చొంగ, నురగ బయటికి కారిపోతాయి, ఊపిరికి అడ్డం పడవు.

చేయకూడనివి మన ఊళ్లలో ఎక్కువే. చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెడతారు, చెప్పు వాసన చూపిస్తారు. పళ్ల మధ్య చెంచా దూరుస్తారు, వేలు పెడతారు. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుంటారు. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, వేలు పెట్టినవాళ్ల వేలు తెగుతుంది. అదిమి పట్టుకుంటే భుజం కీలు తప్పే ప్రమాదం ఉంది. పూర్తిగా తెలివి రాకముందే నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మరి తాళంచెవులు పెట్టగానే ఆగిపోయిందని చెప్పేవాళ్ల మాటో? చాలా ఫిట్స్ ఒకటి నుంచి మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఎవరో పరిగెత్తి గుత్తి తెచ్చేసరికి ఆ సమయం గడిచిపోతుంది. పేరు ఇనుముకు వస్తుంది.

అయిదు నిమిషాలు దాటినా ఆగకపోయినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకొకటి మొదలైనా 108కి ఫోన్ చేయాలి. అది నిజమైన అత్యవసరం. మొదటిసారి వచ్చిన ఫిట్స్ అయినా, గర్భిణికి వచ్చినా, నీళ్లలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా ఆగిపోయింది కదా అని ఇంట్లో కూర్చోకూడదు. ఎక్కువసేపు వచ్చే అలవాటున్న వాళ్లకు ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రేను డాక్టర్లు రాసి ఇస్తున్నారు. అది ఎప్పుడు, ఎంత కొట్టాలో డాక్టరు దగ్గరే నేర్చుకుని, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టుకోవాలి. బీరువాలో తాళం వేసి దాచిపెడితే అవసరానికి అందదు.

ఆగిన తర్వాతి అరగంట గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ సమయంలో మనిషి తికమకగా ఉంటాడు. కట్టుకున్న భార్యనే గుర్తుపట్టకపోవచ్చు, పట్టుకుంటే విదిలించి కొట్టొచ్చు, లేచి వీధిలోకి నడవబోవచ్చు. అది కోపం కాదు, మెదడు ఇంకా కుదుటపడలేదంతే. అడ్డగించి పెనుగులాడకుండా, గేటు వేసి, నెమ్మదిగా మాట్లాడుతూ పక్కన ఉండాలి. నిక్కరులోనో చీరలోనో మూత్రం పోయి ఉండొచ్చు. చుట్టూ మూగినవాళ్లను పంపించి, బట్టలు మార్చి, పడుకోనివ్వాలి. తెలివి వచ్చాక ఆ మనిషిని ఎక్కువగా కుంగదీసేది పడిపోవడం కాదు, అంతమంది చూశారన్న సంగతి.

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ రోగం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలోనే కోటి మందికి పైగా ఉంటారని అంచనా. సరిగా గుర్తించి మందులు వాడితే వీళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ రాకుండా బతకొచ్చన్నది అదే సంస్థ మాట. మనసు పెట్టి చదవాల్సిన అంకె ఇది. వందలో 70 మంది! అయినా పేద దేశాల్లో నాలుగింట మూడొంతుల మందికి సరైన వైద్యం అందడం లేదు. తాయెత్తుకూ, నాటుమందుకూ, వాతలు పెట్టించడానికీ తిరిగి తిరిగి, అన్నీ అయ్యాక ఆసుపత్రికి వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయి ఉంటాయి.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి సంబంధించి ఒక ముఖ్యమైన కారణం గురించి తెలుసుకోవాలి. చిత్తూరుకు కూతవేటు దూరంలో ఉన్న వేలూరు జిల్లాలో సీఎంసీ వైద్యులు ఊళ్లు తిరిగి చేసిన పరిశోధన ఒకటి 2006లో వెలువడింది. డాక్టర్ వేదాంతం రాజశేఖర్ బృందం చేసిన ఆ పరిశోధనలో, మూర్ఛతో బాధపడుతున్న వాళ్లలో దాదాపు మూడోవంతు మందికి మెదడులో బద్దెపురుగు తిత్తులే కారణమని తేలింది. పంది మాంసం తినేవాళ్లకే ఇది వస్తుందని మనవాళ్ల నమ్మకం. అది సగమే నిజం. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు చేరుతుంది. కానీ మెదడులో తిత్తి కట్టేది ఆ పురుగు గుడ్ల వల్ల. పురుగున్న మనిషి మలంతో బయటపడిన గుడ్లు చేతుల ద్వారా, నీళ్ల ద్వారా, కడగని పచ్చి కూరల ద్వారా ఎవరి కడుపులోకైనా చేరతాయి. పుట్టినప్పటి నుంచి మాంసం ముట్టని ఇంట్లోనూ ఈ జబ్బు కనబడేది అందుకే. క్యాబేజీ తింటే మెదడులోకి పురుగు పోతుందన్న భయమూ ఇక్కడి నుంచే పుట్టింది. తప్పు క్యాబేజీది కాదు, దాన్ని పండించిన నేలలో, కోసిన చేతుల్లో ఉన్న మురికిది. మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడుక్కోవడం మూర్ఛను కూడా ఆపుతాయంటే వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇది అక్షరాలా నిజం. ఈ రకానికి చికిత్స ఉంది. తిత్తి కరిగిపోయాక చాలామందికి కొంతకాలానికి మందులు ఆపేయవచ్చు.

పలమనేరు, కుప్పం వైపు వాళ్లు వినాల్సింది ఇంకొకటుంది. తల మీద వేడినీళ్లు పోసుకున్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ. దక్షిణ కర్ణాటకలో ఇది మిగతా ప్రపంచంలో కన్నా ఎక్కువ. బెంగళూరు నిమ్హాన్స్‌లో డాక్టర్ సతీశ్‌చంద్ర, ఆయన సహచరులు 279 మందిని పరిశీలించి 1988లో ప్రచురించిన వివరాలను ప్రపంచమంతా చదివింది. అండాలో కాగిన నీళ్లను చెంబుతో ముంచి తల మీద గబగబా గుమ్మరించుకునే మన తలంటు పద్ధతికీ దీనికీ సంబంధం ఉంది. ఉపాయం కూడా తేలికే. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, తల మీద ఒక్కసారిగా పోయకూడదు, ముందు తడిగుడ్డతో తుడుచుకోవాలి. అది చాలకపోతే తలస్నానానికి ముందు వేసుకునేలా డాక్టరు మాత్ర రాస్తారు. ఎప్పుడూ స్నానాల గదిలోనే పడిపోతున్నాడని గమనించి చెప్పాల్సింది మళ్లీ ఇంట్లోవాళ్లే.

వైద్యం కోసం ఈ ప్రాంతంవాళ్లు చాలా దూరం పోవాల్సిన పని లేదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆసరాతో 1993లో మొదలైన స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. న్యూరాలజిస్టు డాక్టర్ బి.వెంగమ్మ ఆ సంస్థకు డైరెక్టరుగా, ఉపకులపతిగా కూడా పనిచేశారు. పొరుగునే ఉన్న నెల్లూరులో డాక్టర్ బిందు మేనన్ 'న్యూరాలజీ ఆన్ వీల్స్' పేరుతో వ్యాను వేసుకుని పల్లెలకు పోయి పక్షవాతం, మూర్ఛ రోగులను ఉచితంగా చూస్తున్నారు. వేలూరుకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర శిక్షణ పొందిన డాక్టర్ జాకబ్ చాందీ 1949లో సీఎంసీలో న్యూరోసర్జరీ విభాగాన్ని మొదలుపెట్టారు. మూర్ఛ తగ్గించడానికి దేశంలో మొదటి ఆపరేషన్ ఆయన అక్కడే 1952లో చేశారు. సరిగా ఎంచుకున్న రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే అలాంటి పెద్ద కేంద్రానికి వెళ్లి ఆపరేషన్ పనికొస్తుందేమో అడగాలి. "మా రాత ఇంతే" అని అదే మాత్ర పదేళ్లు మింగుతూ కూర్చోకూడదు.

మాత్రల దగ్గరే కాపురాల్లో ఎక్కువ గొడవలు మొదలవుతాయి. ఆరు నెలలు ఫిట్స్ రాలేదంటే "ఇంక బాగైపోయింది కదా, వేడి చేసే మందులు ఎందుకు" అని ఎవరో ఒకరు ఆపించేస్తారు. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా వచ్చే ఫిట్స్ పట్టుకోవచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. కనీసం రెండేళ్లు ఒక్కసారి కూడా రాకుండా ఉన్న తర్వాతే, అదీ డాక్టరు చూసి, నెమ్మదిగా మోతాదు తగ్గించుకుంటూ పోవాలి. ఉపవాసం ఉన్న రోజు కూడా మాత్ర వేసుకోవాల్సిందే. కార్తీక సోమవారమైనా, శనివారమైనా గుటకెడు నీళ్లతో మాత్ర మింగినందుకు ఏ దేవుడూ కోపగించడు. రంజాన్ నెలలో ఉపవాసముండేవాళ్లు వేళలు ఎలా మార్చుకోవాలో ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

నిద్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి నిద్ర చెడితే మరుసటి పొద్దున ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. చిత్తూరు పల్లెల్లో ఆవులున్న ఇళ్లలో తెల్లవారుజామునే లేచి పాలు పిండి కేంద్రానికి పోయాలి. మూర్ఛ ఉన్నది భార్యకైతే ఆ పని భర్త చేయాలి, లేదా ఆమె రాత్రి పెందలాడే పడుకునేలా వంటపని పంచుకోవాలి. మందుల చీటీలో డాక్టరు రాయని మందు ఇది. శ్రీకాళహస్తిలో శివరాత్రి జాగరం, తిరుపతి గంగజాతరలో తెల్లవార్లూ తిరగడం, తిరుమల క్యూలో రాత్రంతా నిలబడటం, ఇవన్నీ మానేయాలని కాదు. దర్శనం వేళ ముందే ఖాయం చేసుకోవడం, మాత్రలు లగేజీలో కాకుండా జేబులో పెట్టుకోవడం, ముందురోజు బాగా పడుకోవడం చేస్తే చాలా ప్రయాణాలు సాఫీగా సాగుతాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కాలన్న కోరిక ఉంటే, ఫిట్స్ అదుపులో ఉన్నవాళ్లు డాక్టరును అడిగి, తోడుతో, ఆగి ఆగి ఎక్కవచ్చు. సారాయి, బ్రాందీ మాత్రం వద్దు. తాగిన రాత్రి కన్నా దిగిన మర్నాడు ఎక్కువ ప్రమాదం.

పెళ్లి దగ్గరికి వస్తే ఇంకో పెద్ద ముడి ఉంది. సంబంధం చూసేటప్పుడు అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయని చెప్పాలా, దాచాలా? కేరళలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పెళ్లికి ముందే మూర్ఛ ఉన్న ఆడవాళ్లలో సగానికి పైగా ఆ సంగతి దాచి పెళ్లి చేసుకున్నట్టు తేలింది. చెబితే సంబంధం తప్పిపోతుందన్న భయం కల్పితం కాదు. కానీ దాచినప్పుడు జరిగేదేమిటి? అత్తగారింట్లో మాత్రలు దాచుకోవాలి. ఎవరూ చూడకుండా మింగాలి. చూస్తారేమోనని కొన్ని రోజులు మానేయాలి. మానేసిన రోజే ఫిట్స్ వస్తాయి. దాచడం వల్ల వచ్చే మొదటి నష్టం పరువుకు కాదు, ప్రాణానికి. నిశ్చితార్థానికి ముందే అబ్బాయిని, అతని తల్లిదండ్రులను తమ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వాళ్ల అనుమానాలన్నీ అక్కడే తీర్చే కుటుంబాలూ ఉన్నాయి. మధ్యవర్తి నోట విన్నదానికీ డాక్టరు నోట విన్నదానికీ చాలా తేడా ఉంటుంది.

చట్టం కూడా ఒకప్పుడు ఈ భయానికి వంత పాడింది. హిందూ వివాహ చట్టంలో 1976 సవరణతో మాటిమాటికీ మూర్ఛ రావడాన్ని పిచ్చితో పాటు ఒకే వాక్యంలో చేర్చారు. ఆ కారణం చూపి పెళ్లిని రద్దు చేయించుకునే వీలుండేది. వైద్యులు, రోగుల తరఫున పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి అడగగా అడగగా 1999 డిసెంబరులో పార్లమెంటు ఆ మాటను చట్టంలోంచి తీసేసింది. 2023లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కూడా మూర్ఛ నయంకాని జబ్బు కాదని, మానసిక రోగం కాదని, విడాకులకు అది కారణం కాజాలదని చెప్పింది. చట్టం మారి పాతికేళ్లు దాటినా పెళ్లిచూపుల్లో మాత్రం పాత చట్టమే నడుస్తున్నట్టుంది. ఇది మన అందరికీ సిగ్గుచేటు.

పిల్లల సంగతి అడగని అత్తమామలుండరు. మూర్ఛ ఉన్న చాలామంది ఆడవాళ్లకు ఆరోగ్యమైన పిల్లలే పుడతారు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం మామూలు కన్నా కొంచెం ఎక్కువే గానీ, ఎక్కువ మంది పిల్లలకు రాదు. ప్రమాదమంతా ముందుచూపు లేకపోవడంలో ఉంది. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకు చెరుపు చేసే అవకాశం ఎక్కువ. అది వాడుతూ గర్భం దాల్చిన పదిమందిలో సుమారు ఒకరి బిడ్డకు పెద్ద అవయవ లోపం కనబడుతుంది, బుద్ధి ఎదుగుదల మీద కూడా దాని ప్రభావం ఉంటుంది. కాబట్టి బిడ్డ కావాలనుకున్నప్పుడు భార్యాభర్తలిద్దరూ ముందే న్యూరాలజిస్టు దగ్గరికి పోవాలి. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెడతారు. నెల తప్పిందని తెలియగానే భయపడి సొంతంగా మాత్రలు ఆపేయడం తల్లికీ బిడ్డకూ అన్నిటికన్నా చేటు. గర్భనిరోధక మాత్రల విషయమూ చెప్పుకోవాలి. ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫీనోబార్బిటోన్ వాడుతున్నవాళ్లలో ఆ మాత్రల బలం తగ్గిపోతుంది.

ఇంట్లో ఏ మార్పులు చేసుకోవాలంటే, స్నానాల గదికి లోపలి గడియ వేసుకోకుండా తలుపుకు 'లోపల ఉన్నాను' అని తెలిసేలా తువ్వాలు వేస్తే చాలు. కట్టెల పొయ్యి, నూనె బాణలి ముందు ఒంటరిగా ఉండకూడదు. దించుకునే కుండ, మరిగే చారు గిన్నె పొయ్యికి వెనక వైపు ఉంచాలి. వ్యవసాయ బావిలో ఈత, చెట్టెక్కి మామిడికాయలు కోయడం ఫిట్స్ అదుపులో లేనివాళ్లు మానుకోవాలి. బండి విషయంలో మొహమాటం కూడదు. డ్రైవింగ్ లైసెన్సుకు పెట్టుకునే ఫారం 1లోనే మూర్ఛ గానీ, హఠాత్తుగా తెలివి తప్పడం గానీ ఉందా అని అడుగుతారు. నిజం రాయాలి. ఘాట్ రోడ్డు మీద టూవీలర్ నడిపే భర్తకు ఫిట్స్ వస్తే పడేది అతనొక్కడే కాదు.

అయితే జాగ్రత్త ఎక్కడ ఆగాలో తెలియకపోతే అది కాపలా అవుతుంది. ఫిట్స్ వస్తాయని కొట్టు తెరవనివ్వరు, కాలేజీ మాన్పిస్తారు, పక్కింటికి కూడా తోడు లేకుండా పంపరు. "నీకెందుకు, కూర్చో" అనే మాట రోజుకు పదిసార్లు వింటే ఆ మనిషికి తన మీద తనకే నమ్మకం పోతుంది. దక్షిణాఫ్రికా ఫీల్డరు జాంటీ రోడ్స్ గాల్లోకి ఎగిరి క్యాచులు పట్టిన రోజుల్లో కూడా ఆయనకు మూర్ఛ ఉంది. అందరూ క్రికెటర్లు కావాలని కాదు. ఏ పని ప్రమాదం, ఏ పని కాదు అన్నది భార్యాభర్తలు కూర్చుని, మూర్ఛ ఉన్న మనిషి మాటకు ఎక్కువ విలువిచ్చి తేల్చుకోవాలి.

కొన్ని మందులు స్వభావాన్నే మార్చేస్తాయి. ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న లెవెటిరాసెటమ్ వల్ల కొందరికి విపరీతమైన చిరాకు, కోపం వస్తాయి. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న మనిషి కంచం విసిరేస్తాడు. ఇంట్లోవాళ్లు ఇది కాపురం చెడటమనుకుంటారు. మందు మొదలైన తేదీ, కోపం మొదలైన తేదీ పక్కపక్కన రాసి డాక్టరుకు చూపిస్తే మందు మార్చే వీలుంటుంది. మూర్ఛ ఉన్నవాళ్లలో దిగులు, ఆందోళన కూడా మామూలు కన్నా ఎక్కువే. దాంపత్య సుఖం మీద కోరిక తగ్గడానికి కొన్ని మాత్రలు కారణం కావచ్చు. ఆ సమయంలో ఫిట్స్ వస్తాయేమోనన్న భయంతో దూరంగా పడుకునే జంటలూ ఉన్నాయి. అలా రావడం చాలా అరుదు. అడగడానికి సిగ్గుపడి ఏళ్లకేళ్లు దూరమయ్యే కన్నా ఆ ఒక్క ప్రశ్న డాక్టరును అడగడం మేలు.

కొందరికి మూర్ఛలాగే కనబడేది వస్తుంది గానీ మెదడు విద్యుత్తులో తేడా ఉండదు. మనసులోని ఒత్తిడి శరీరంలోంచి అలా బయటపడుతుంది. దాన్ని నాటకమని తిట్టడం అన్యాయం. ఆ మనిషి కావాలని చేయడం లేదు. దానికి వేరే వైద్యం ఉంది, మూర్ఛ మాత్రలు పనిచేయవు.

చివరిగా తోడున్న మనిషి గురించి. ఫిట్స్ అదుపులో లేని మనిషి పక్కన పడుకునేవాళ్లు నిజంగా నిద్రపోరు. ఊపిరి తేడా వచ్చినా ఉలిక్కిపడి లేస్తారు. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లలో ఏడాదికి వెయ్యిమందిలో సుమారు ఒకరు హఠాత్తుగా చనిపోతారు, అదీ ఎక్కువగా రాత్రి నిద్రలో. ఒంటరిగా ఉండేవాళ్లకు, ఎవరూ పడుకోని గదిలో పడుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. తగ్గించే దారి మాత్రలు తప్పకుండా వేసుకుని ఫిట్స్ రాకుండా చూసుకోవడం. అంతేగానీ ఒకే మనిషి ఏళ్ల తరబడి మేలుకుని కాపలా కాయడం కాదు. అలా కాసినవాళ్లు వాళ్లూ జబ్బుపడతారు. దిగులు ఎక్కువైతే 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టాల్సిన పని లేదు.

ఇంట్లో పని తెలిసిన ఇంకొకరిని తయారుచేసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. అత్తగారో, ఆడబిడ్డో, పక్కింటి వాళ్లో, పదేళ్లు దాటిన పిల్లలో ఎవరైనా పర్వాలేదు. ఫిట్స్ వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో, వాడుతున్న మందుల పేర్లేమిటో, మోతాదెంతో, డాక్టరు నంబరేమిటో ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకు అంటించాలి. పక్కన ఒక చిన్న నోటు పుస్తకం కట్టి, ఫిట్స్ వచ్చిన తేదీ, వేళ, ఎన్ని నిమిషాలు, ముందురోజు నిద్ర, మాత్ర తప్పిందా లేదా అన్నవి ఎవరు చూస్తే వాళ్లు రాసేలా అలవాటు చేయాలి. అప్పుడు గంగజాతరకు పుట్టింటికి పోయిన భార్య నాలుగు రోజులు కడుపునిండా నిద్రపోయి వస్తుంది. తిరిగి వచ్చాక స్విమ్స్ ఓపీకి పోయేటప్పుడు ఆ పుస్తకాన్ని చేతిసంచిలో పెట్టుకుని పోతుంది.